కరువుకు కౌంటీ హద్దు

2013 అక్టోబరు మొదటి వారానికి, అమెరికాలోని సౌత్ డకోటా రాష్ట్రం పడమటి భాగంలో ఆవులూ దూడలూ ఇంకా వేసవి బీళ్ళలోనే ఉన్నాయి. గాలి చాటున్న చలికాలపు బీళ్ళకు వాటిని తోలుకురావడానికి ఇంకా సమయం ఉంది. ఒంటి మీద చలికాలపు మందపాటి బొచ్చు కూడా పెరగలేదు. ముందు వాన పడింది. చర్మం దాకా తడిసిన మందల మీద ఆ వెంటనే మంచు మొదలైంది. గంటకు వంద కిలోమీటర్లు దాటిన ఈదురుగాలి. రాపిడ్ సిటీ పట్టణంలోనే దాదాపు 2 అడుగుల మంచు కురిసింది. గాలికి వీపు తిప్పి నడుస్తూ పోవడం పశువుల స్వభావం. అలా మైళ్ళ కొద్దీ నడిచి, కంచెలను కప్పేసిన మంచు దిబ్బల మీదుగా దాటి, వాగుల్లో, పల్లాల్లో, రోడ్డు పక్క కాలువల్లో పడి చచ్చిపోయాయి. ఎన్ని అన్నదాని మీద తొలి వారాల్లో లెక్కలు పొసగలేదు. 15 వేల నుంచి 30 వేల దాకా అన్న అంచనా ఎక్కువగా వినిపించింది. ఆ మంచు తుఫానుకు 'అట్లాస్' అని పేరు పడింది.

బాగా దెబ్బతిన్న చోట్లలో మీడ్ కౌంటీ ఒకటి. కౌంటీ అంటే, జనాభా మాట పక్కన పెడితే, మన జిల్లా లాంటిదే. మీడ్ కౌంటీ విస్తీర్ణం దాదాపు 9,000 చదరపు కిలోమీటర్లు, పాత కృష్ణా జిల్లా కంటే కాస్త ఎక్కువ. పాత కృష్ణా జిల్లాలో 2011 లెక్కల ప్రకారం 45 లక్షల మంది ఉంటే, మీడ్ కౌంటీలో 2010 లెక్కల ప్రకారం ఉన్నది పాతిక వేల పైచిలుకు. కౌంటీ కేంద్రం స్టర్జిస్‌లో ఏటా ఆగస్టులో మోటారు సైకిళ్ళ జాతర జరుగుతుంది, దేశం నలుమూలల నుంచీ లక్షల మంది వస్తారు. ఆ పది రోజులూ పోతే మిగిలేది గడ్డి, పశువులు, గోధుమ.

అమెరికాలో వ్యవసాయ శాఖకు 'ఫార్మ్ సర్వీస్ ఏజెన్సీ' అనే విభాగం ఉంది. దేశమంతటా రెండు వేలకు పైగా స్థానిక కార్యాలయాలున్నాయి. పంట నమోదు చేయించుకోవాలన్నా, నష్టం జరిగిందని చెప్పుకోవాలన్నా రైతు వెళ్ళేది అక్కడికే. అట్లాస్ విరుచుకుపడిన రోజున ఆ కార్యాలయాలకు తాళాలు వేసి ఉన్నాయి. బడ్జెట్ మీద పార్లమెంటులో తగాదా తేలక అక్టోబరు 1 నుంచి కేంద్ర ప్రభుత్వం పనులు ఆపేసింది. 16వ తేదీ దాకా అదే పరిస్థితి. పశువులు పోయాయని చెప్పుకోవడానికి ఫోన్ చేస్తే తీసేవాళ్ళు లేరు.

తీసినా చేయగలిగింది లేదు, అది ఇంకా పెద్ద ఇబ్బంది. ప్రకృతి వైపరీత్యంలో చనిపోయిన పశువులకు పరిహారం ఇచ్చే పథకం 2008 వ్యవసాయ చట్టంలో వచ్చింది. దానికి ఆ చట్టమే పెట్టిన గడువు 2011 సెప్టెంబరు 30. కొత్త చట్టం ఏళ్ళ తరబడి పార్లమెంటులో నలుగుతోంది. అంటే 2013 అక్టోబరులో మంద మొత్తం పోగొట్టుకున్న రైతుకు చట్టప్రకారం రావలసింది సున్నా. ఇతర రాష్ట్రాల రైతులు తమ మందల్లోంచి ఒకటీ రెండూ పడ్డలను విరాళంగా పంపారు, స్వచ్ఛంద సంఘాలు చందాలు పోగు చేశాయి. నవంబరులో అధ్యక్షుడు ఆ ప్రాంతాన్ని విపత్తు ప్రాంతంగా ప్రకటించాడు గాని, ఆ డబ్బు విరిగిన కరెంటు స్తంభాలకూ పాడైన రోడ్లకూ. పశువులకు కాదు.

విపత్తు సాయం అనగానే నష్టం జరగడం, దాన్ని కొలవడం, దానికి తగ్గట్టు డబ్బు రావడం అనే వరుస మన మనసులో ఉంటుంది. అమెరికా పల్లె కౌంటీల్లో ఆ డబ్బు కదిలే తీరు చూస్తే వరుస అది కాదని తెలుస్తుంది. ముందెప్పుడో గీసిన గీతలు కొన్ని ఉంటాయి. చట్టం అమల్లో ఉన్న తేదీ ఒక గీత, మ్యాపు మీద రంగు ఒక గీత, కౌంటీ హద్దు ఒక గీత, కాగితం మీద పేరు ఒక గీత. నష్టం ఆ గీతల్లో ఇమిడితే డబ్బు వస్తుంది. ఇమడకపోతే నష్టం ఎంత పెద్దదైనా రాదు. ఇది ఎవరి కుట్రా కాదు. లక్షల మందికి త్వరగా డబ్బు పంచాలంటే ఏదో ఒక గీత గీయక తప్పదు. ఏ గీత ఎక్కడ గీశారు, దాని వల్ల ఎవరు లోపల పడ్డారు, ఎవరు బయట పడ్డారు అన్నది మాత్రం అడిగి తెలుసుకోవలసిందే.

సౌత్ డకోటా రైతుల కథ చివరికి కొంత మంచిగానే ముగిసింది. 2014 ఫిబ్రవరిలో కొత్త వ్యవసాయ చట్టం వచ్చింది. పశునష్ట పథకాన్ని శాశ్వతం చేసింది. అంతేకాదు, 2011 అక్టోబరు 1 నుంచి జరిగిన నష్టాలకు కూడా వర్తిస్తుందని వెనక్కి తీసుకెళ్ళింది. ఏప్రిల్ 15న దరఖాస్తులు మొదలయ్యాయి. తుఫానుకు ఆరు నెలల తర్వాత.

ఆ ఆరు నెలల్లో జరిగిన ఒక పని గురించి చెప్పాలి. పథకం లేదు, వస్తుందో రాదో తెలియదు. అయినా 'చచ్చిన ప్రతి పశువునూ లెక్క రాసుకోండి, ఫోటో తీయండి, చెవి పోగు నంబరు రాసుకోండి, వెటర్నరీ డాక్టరు చేతనో, సంబంధం లేని మరో మనిషి చేతనో చూసినట్టు సంతకం తీసుకోండి' అని రైతు సంఘాలూ, విశ్వవిద్యాలయ విస్తరణ సిబ్బందీ ఊరూరా చెప్పారు. కళేబరాలను గోతుల్లో పూడ్చే ముందు, కుళ్ళు వాసన మధ్య నిలబడి, రైతులు ఆ లెక్కలు రాసుకున్నారు. ఏప్రిల్‌లో డబ్బుకు అర్హత తేలింది ఆ పుస్తకాల ఆధారంగానే. అంత నష్టంలో ఉండి కూడా కాగితం పట్టుకోగలిగిన రైతుకు వ్యవస్థ పలికింది. అది చేతకానివాళ్ళూ ఉంటారు. వాళ్ళ గురించి పత్రికల్లో రాదు.

పరిహారం లెక్క కట్టే పద్ధతి ఊహకు ఒక మందతో చెప్పుకుందాం. ఒక రైతుకు 300 ఆవులు. తుఫానులో 60 పోయాయి. ఏ విపత్తూ లేని ఏడాదిలో కూడా కొన్ని పశువులు చస్తాయి కాబట్టి, ఆ మామూలు చావుల శాతాన్ని ముందే నిర్ణయించి పెడతారు. అది నూటికి 2 అనుకుంటే, 300కు 6. ఆ ఆరింటినీ తీసేస్తే మిగిలినవి 54. ఒక్కో ఆవుకు శాఖ కట్టిన విలువ 1,000 డాలర్లనుకుంటే 54,000. అందులో 75 శాతం, అంటే 40,500 డాలర్లు రైతు చేతికి వస్తాయి. పోయిన ఆవుల అసలు విలువ 60,000. మూడింట రెండు వంతులు వచ్చాయన్నమాట, చెడ్డ లెక్క కాదు. అయితే ఆ ఆవుల కడుపున ఉన్న దూడలకు అప్పటి నిబంధనల్లో లెక్క లేదు. తరాల తరబడి ఏరి పెంచుకున్న జాతికి ధర లేదు. పైగా ఒక మనిషికి ఏడాదికి 1,25,000 డాలర్లు మించి ఇవ్వరాదన్న పరిమితి అప్పట్లో ఉండేది. పశునష్టానికి ఆ పరిమితిని 2018లో ఎత్తేశారు.

ఇక్కడ నష్టాన్ని కొలిచేది రైతు వారీగా. ఎవరి మందలో ఎన్ని పోయాయో చూస్తారు. ఇది న్యాయంగా ఉంటుంది, నెమ్మదిగా నడుస్తుంది, కాగితాలు ఎక్కువ కావాలి. తుఫాను ఒక రోజులో వచ్చిపోతుంది, శవాలుంటాయి, లెక్క పెట్టవచ్చు కూడా. కరువుకు అవేవీ ఉండవు. గడ్డి ఎంత మొలవలేదో ఫోటో తీయడం ఎలా? కరువు సాయానికి అమెరికా మరో దారి పట్టింది. ఈ వ్యవస్థలో నాకు అన్నిటికంటే ఆసక్తిగా, అన్నిటికంటే ఇబ్బందిగా అనిపించేది అదే.

ప్రతి గురువారం అమెరికాలో ఒక మ్యాపు విడుదలవుతుంది. దాని పేరు 'డ్రౌట్ మానిటర్'. నెబ్రాస్కా విశ్వవిద్యాలయంలోని కరువు అధ్యయన కేంద్రం, వాతావరణ సంస్థ, వ్యవసాయ శాఖ కలిసి 1999 నుంచి దీన్ని తయారుచేస్తున్నాయి. మామూలు కంటే పొడిగా ఉంటే పసుపు, దాన్ని డి0 అంటారు. అక్కడి నుంచి డి1, డి2, డి3, డి4 అని మెట్లు. రంగు నారింజ మీదుగా ఎరుపుకూ, చివరికి నల్లబారిన ఎరుపుకూ పోతుంది. డి2 అంటే తీవ్రమైన కరువు, డి4 అంటే ఇంతకు మించి లేనంత కరువు. ఇది కంప్యూటరు తనంతట తాను గీసే బొమ్మ కాదు. వాన లోటు, నేల తేమ, వాగుల నీటిమట్టం, ఉపగ్రహ చిత్రాలు చూసి, ఊళ్ళ నుంచి వచ్చే సమాచారం విని, ఆ వారం వంతు వచ్చిన నిపుణుడు గీతలు జరుపుతాడు. మొదట్లో ఇది వాతావరణం మీద ఆసక్తి ఉన్నవాళ్ళు చూసుకునే బొమ్మ. 2008 చట్టం దీన్ని డబ్బుకు ముడిపెట్టింది. అప్పటి నుంచి పశువుల రైతులకు గురువారం మ్యాపు ముఖ్యమైన వార్త అయింది.

కరువులో మేత పోయిన పశువుల రైతులకు సాయం చేసే మేత పథకం నిబంధనలు 2014 చట్టంలో ఇలా ఉన్నాయి. మేత కాలంలో ఒక కౌంటీలో ఏ భాగమైనా సరే వరుసగా 8 వారాలు డి2లో ఉంటే, అర్హుడైన పశువుల రైతుకు ఒక నెల మేత ఖర్చులో 60 శాతం లెక్కన ఒక చెల్లింపు. ఏ భాగమైనా ఒక్కసారి డి3 తాకితే మూడు నెలలకు. డి3 నాలుగు వారాలుంటే, లేదా డి4 ఒక్కసారి తాకితే, నాలుగు నెలలకు. డి4 నాలుగు వారాలుంటే అయిదు నెలలకు.

'ఏ భాగమైనా' అన్న మాట దగ్గర కాసేపు ఆగాలి. కౌంటీ ఈశాన్య మూలలో నాలుగు బీళ్ళ మీద ఎర్ర రంగు పడితే, నైరుతి మూలలో వాన బాగా పడి మోకాలెత్తు గడ్డి ఉన్న రైతుకు కూడా మూడు నెలల డబ్బు వస్తుంది. తన పొలంలో నష్టం జరిగిందని అతను రుజువు చేయనక్కర్లేదు. ఎన్ని పశువులున్నాయి, ఎంత బీడు ఉంది అని చూపిస్తే చాలు. అదే సమయంలో పక్క కౌంటీలో, రోడ్డుకు అవతల, ఎండిపోయిన బీడు ఉన్న రైతుకు, ఆ కౌంటీ మొత్తం డి1లో ఆగిపోతే, ఏమీ రాదు. రోడ్డుకు ఇరువైపులా ఆకాశం ఒకటే, గడ్డి ఒకటే.

కౌంటీలు ఒకే సైజులో కూడా ఉండవు. ఐయోవాలో మామూలు కౌంటీ 1,500 చదరపు కిలోమీటర్లు ఉంటుంది. కాలిఫోర్నియాలోని శాన్ బెర్నార్డినో కౌంటీ 52,000 చదరపు కిలోమీటర్ల పైమాట. దాని ఒక కొసన ఎడారి, మరో కొసన లాస్ ఏంజెలెస్ శివార్లు. ఇంత పెద్ద కౌంటీలో ఎక్కడో ఒక మూల డి3 తాకడానికి అవకాశం ఎక్కువ, చిన్న కౌంటీకి తక్కువ. పడమటి రాష్ట్రాల్లో కౌంటీలు పెద్దవి, తూర్పున చిన్నవి. పందొమ్మిదో శతాబ్దంలో పాలనా సౌలభ్యం కోసం గీసిన హద్దులు ఇరవై ఒకటో శతాబ్దంలో మేత డబ్బును నిర్ణయిస్తున్నాయి.

దీన్ని వెక్కిరించడం తేలిక. ఇంకో పక్క కూడా చూడాలి. రైతు రైతుకూ గడ్డి కొలవాలంటే ఎంతమంది మనుషులు కావాలి? వాళ్ళు కొలిచి, ఎవరో ఒకరు అభ్యంతరం పెట్టి, మళ్ళీ కొలిచేసరికి ఆవుల్ని కబేళాకు అమ్మేసుకుంటారు. మ్యాపు పద్ధతిలో వేగం ఉంది. లంచం ఇచ్చి కొలత మార్పించుకునే అవకాశం తక్కువ. దానికి చెల్లించే మూల్యం, డబ్బు కొందరు అనర్హులకు పోవడం, కొందరు అర్హులకు అందకపోవడం. 2012లో అమెరికా మధ్య రాష్ట్రాలను ఎండగట్టిన కరువుకు, 2014లో ఈ పథకం వెనక తేదీతో తెరుచుకున్నప్పుడు, కొన్ని వందల కోట్ల డాలర్లు ఈ దారిలోనే పల్లెలకు చేరాయి. రైతు వారీగా కొలిచి ఉంటే అంత డబ్బు అంత త్వరగా చేరేది కాదని నా అభిప్రాయం.

మన దగ్గర కరువు మండలాల ప్రకటన చూసినవాళ్ళకు ఇందులో కొత్త ఏమీ లేదు. వాన లోటు, వానల మధ్య ఎడం, పంట వేసిన విస్తీర్ణం లాంటివి చూసి ఆంధ్రప్రదేశ్‌లోనూ తెలంగాణలోనూ మండలాన్ని యూనిట్‌గా తీసుకుంటారు. జాబితాలో మండలం పేరు రాకపోతే ఆ ఊళ్ళో ఎండిన వేరుశనగకు జవాబు లేదు. పక్క మండలం పేరు ఎలా వచ్చిందని జరిగే ధర్నాలు ప్రతి కరువు ఏడాదీ చూస్తూనే ఉన్నాం. ఒక తేడా మాత్రం ఉంది. మన ఇన్‌పుట్ సబ్సిడీకి మండలం పేరు వచ్చాక కూడా రైతు పంటలో కనీసం 33 శాతం నష్టం తేలాలి. 2015కు ముందు అది 50 శాతం. హెక్టారుకు ఇంత అని కట్టి, 2 హెక్టార్ల దగ్గర ఆపేస్తారు. అమెరికా మేత పథకంలో ఆ రెండో జల్లెడ లేదు. పరిమితి మాత్రం ఉంది, అది 1,25,000 డాలర్ల దగ్గర.

గీత మరీ వదులుగా గీస్తే ఏమవుతుందో ఒక ఉదంతం చెబుతుంది. 2002లో కరువుతో దెబ్బతిన్న కౌంటీల్లో ఆవుకు ఇంత అని పంచే పథకం ఒకటి తెచ్చారు. మాంసం కోసం పెంచే పెద్ద ఆవుకు 18 డాలర్లు. మొదట తీవ్రమైన కరువున్న కౌంటీలకే అన్నారు. 2003లో పార్లమెంటు దాన్ని విస్తరించి, రెండేళ్ళ కాలంలో ఏ రకమైన విపత్తు ప్రకటన వచ్చిన కౌంటీకైనా వర్తిస్తుందని మార్చింది. 2003 ఫిబ్రవరి 1న కొలంబియా అంతరిక్ష నౌక భూమికి తిరిగి వస్తూ టెక్సస్ మీద ముక్కలైపోయింది. కల్పనా చావ్లా సహా ఏడుగురు చనిపోయిన ఆ ప్రమాదం మన వాళ్ళకూ గుర్తే. శకలాలు పడిన ప్రాంతాల కోసం విపత్తు ప్రకటన వచ్చింది. దాని పుణ్యాన, కరువంటూ లేని కౌంటీల్లో పశువుల రైతులు మేత డబ్బుకు అర్హులయ్యారు. ఈ సంగతిని 2006లో వాషింగ్టన్ పోస్ట్ పత్రిక తవ్వి తీసింది. పథకంలో పంచిన 120 కోట్ల డాలర్లలో కనీసం 63.5 కోట్లు ఓ మోస్తరు కరువున్న, లేదా కరువే లేని చోట్లకు పోయాయని లెక్క తేల్చింది. డబ్బు తీసుకున్న రైతులు మోసం చేయలేదు. కాగితం పంపింది ప్రభుత్వమే. గీత గీసినవాళ్ళు 'విపత్తు' అన్నారు గాని, ఏ విపత్తో చెప్పలేదు.

ప్రకటన అన్న మాట దగ్గర పొరపాటు పడకూడదు. వ్యవసాయ శాఖ మంత్రి ఒక కౌంటీని విపత్తు కౌంటీగా ప్రకటించాడని వార్త రాగానే అక్కడికి డబ్బు వచ్చిపడిందనుకుంటారు. ఆ ప్రకటన వల్ల నేరుగా వచ్చేది తక్కువ వడ్డీ అత్యవసర రుణం, 5 లక్షల డాలర్ల దాకా. అది తీర్చవలసిన అప్పే. ప్రకటన కౌంటీకి ఆనుకున్న కౌంటీల రైతులకూ ఆ రుణం దొరుకుతుంది. ఇక్కడ మాత్రం గీతను కావాలనే కాస్త మందంగా గీశారు.

ఇప్పుడు కాగితం మీద పేరు సంగతి. తెలుగు రైతుకు బాగా తగిలే చోటు ఇదే. అమెరికాలో సూత్రం ఏమిటంటే, పంట నష్టపోయే ప్రమాదం ఎవరిదో సాయం వారిది. నగదు కౌలుకు తీసుకున్న రైతు కౌలు ముందే కట్టేశాడు కాబట్టి నష్టం పూర్తిగా అతనిదే, డబ్బు కూడా పూర్తిగా అతనిదే. భూయజమానికి అందులో వాటా లేదు. కోరుకో సంగోరుకో ఇచ్చిన పొలమైతే పంటలో ఎవరి వాటా ఎంతో సాయంలో కూడా అంతే. పశునష్టంలోనైతే పశువు ఎవరిదో చూస్తారు, బీడు ఎవరిదన్నది పట్టదు. మన దగ్గర పట్టాదారు పాసుపుస్తకం ఉన్న మనిషి ఖాతాలోకి సాయం పోయి, సాగు చేసిన కౌలు రైతు చూస్తూ నిలబడటం ఎంత మామూలో తెలిసిందే. ఆంధ్రప్రదేశ్‌లో 2019 చట్టంతో సాగుదారు హక్కు కార్డులు వచ్చాయి. అయితే ఆ కార్డుకు భూయజమాని సంతకం కావాలి. సంతకం పెడితే భూమి మీద హక్కు పోతుందేమోనన్న భయంతో చాలా మంది యజమానులు పెట్టరు.

సూత్రం మంచిదైనంత మాత్రాన ఆచరణ మంచిగా సాగిందని కాదు. అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో నల్లజాతి రైతు కుటుంబాల్లో తాతలు వీలునామా రాయకుండా పోవడం వల్ల భూమి ఎందరో వారసుల ఉమ్మడి పేరు మీద ఉండిపోయింది. దాన్ని వారసుల ఆస్తి అంటారు. స్పష్టమైన పత్రం లేనందువల్ల దున్నుతున్న మనిషికి 'ఫార్మ్ నంబరు' ఇవ్వలేదు. ఆ నంబరు లేకపోతే ఏ పథకానికీ తలుపు తెరుచుకోదు. 2018 చట్టం వచ్చాకే వేరే రుజువులతో ఆ నంబరు పొందే దారి దొరికింది.

అంతకన్నా చేదైనది కౌంటీ కమిటీల చరిత్ర. 1930లలో కొత్త వ్యవసాయ పథకాలు మొదలైనప్పటి నుంచీ, దరఖాస్తుల మీద నిర్ణయాలు స్థానిక రైతులు ఎన్నుకున్న కమిటీల చేతిలో పెట్టారు. ఇప్పటికీ అవి ఉన్నాయి. ఒక్కో దాంట్లో 3 నుంచి 11 మంది దాకా సభ్యులు, మూడేళ్ళ పదవి. ఊరి సంగతులు ఊరివాళ్ళకు తెలుస్తాయన్నది ఆలోచన. ఊరి వివక్ష కూడా ఊరివాళ్ళతో పాటే వచ్చింది. 1981 నుంచి 1996 మధ్య రుణాల్లోనూ సాయాల్లోనూ తమ పట్ల వివక్ష చూపారని, ఫిర్యాదులు చేస్తే విచారించలేదని నల్లజాతి రైతులు కోర్టుకెక్కారు. పిగ్‌ఫర్డ్ కేసుగా పేరుపడిన ఆ దావాలో 1999లో ఒప్పందం కుదిరింది. ప్రభుత్వం వంద కోట్ల డాలర్లకు పైగా చెల్లించింది. మ్యాపుకు మనిషి మొహం చూసే అలవాటు లేదని మ్యాపు పద్ధతిని సమర్థించేవాళ్ళు అంటారు. ఈ చరిత్ర తెలిశాక ఆ వాదనను తీసిపారేయలేం.

ఇదంతా శాశ్వత పథకాల గురించి. వీటి పక్కనే మరో ఏరు ప్రవహిస్తుంది: అప్పటికప్పుడు పార్లమెంటు చేసే ప్రత్యేక సాయం. అమెరికా దీన్ని వదిలించుకోవడానికి యాభై ఏళ్ళుగా ప్రయత్నిస్తోంది, కుదరడం లేదు. 1973 చట్టం గోధుమ, పత్తి, దాణా ధాన్యాల రైతులకు నేరుగా విపత్తు చెల్లింపులు పెట్టింది. ఖర్చు పెరిగిపోయింది. వరదలొచ్చే చోట, వాన పడని చోట కూడా ధైర్యంగా పంట వేయమని పిలిచినట్టయింది. 1980లో, ఇకపై పంటల బీమాయే మార్గం అన్నారు. 1988లో పెద్ద కరువు రాగానే మళ్ళీ ప్రత్యేక సాయం పంచారు. 1994లో బీమాను సంస్కరించి, ప్రత్యేక సాయం ఇక ఉండదన్నారు. 1998లో మళ్ళీ పంచారు. ఎన్నికలున్న దేశంలో, మోకాళ్ళ లోతు నీళ్ళలో నిలబడిన రైతు టీవీలో కనబడుతుంటే, నువ్వు బీమా కట్టలేదు గనక నీకేమీ లేదని అనగలిగే నాయకుడు ఇంకా పుట్టలేదు. బీమా కట్టిన పక్క రైతు అప్పుడేమనుకుంటాడన్నది అసలు చిక్కు. ఉచితంగా వస్తుందని తెలిస్తే వచ్చే ఏడు ప్రీమియం ఎందుకు కట్టాలి? అందుకే ఇటీవలి ప్రత్యేక సాయాలు కొన్నిటిలో, డబ్బు తీసుకున్న రైతు తర్వాతి రెండేళ్ళు బీమా తప్పనిసరిగా చేయించుకోవాలన్న షరతు పెట్టారు.

ప్రత్యేక సాయానికి ఉన్న మరో జబ్బు ఆలస్యం. 2023లో పంట పోయిన రైతు కోసం పార్లమెంటు డబ్బు కేటాయించింది 2024 డిసెంబరులో. 2023, 2024 నష్టాలకు కలిపి దాదాపు 2,100 కోట్ల డాలర్లు. పంట నష్టాలకు దరఖాస్తులు తెరిచింది 2025 జులైలో. ఈలోపు రెండు పంటలకు విత్తనం, ఎరువు, డీజిలు అప్పు మీద తెచ్చుకోవాలి. బ్యాంకు మేనేజరు ఓపిక పట్టినవాళ్ళకు ఆ డబ్బు సాయం. పట్టని చోట పొలం అప్పటికే చేతులు మారిపోయి ఉంటుంది. పెద్ద రైతు ఈ రెండేళ్ళు తట్టుకోగలడు, చిన్న రైతుకు కష్టం. ఆలస్యం కూడా ఒక గీతే, ఏ చట్టంలోనూ రాయని గీత. అట్లాస్ రైతుల ఆరు నెలలు దీనితో పోలిస్తే నయం.

ఒక విషయంలో అమెరికా వ్యవస్థను మెచ్చుకోవాలి. ఏ కౌంటీలో ఎవరికి, ఏ పథకం కింద, ఎంత ముట్టిందో చూసుకోవచ్చు. సమాచార హక్కు చట్టం ద్వారా, కోర్టు పోరాటాల ద్వారా బయటికి వచ్చిన ఈ లెక్కలను ఎన్విరాన్‌మెంటల్ వర్కింగ్ గ్రూప్ అనే సంస్థ 1995 నుంచి ఏడాదివారీగా అందరి ముందూ పెట్టింది. పాతిక వేల మంది ఉన్న కౌంటీలో ఇది చిన్న విషయం కాదు. చర్చిలో పక్కన కూర్చున్నవాడికి ఎంత వచ్చిందో అందరికీ తెలుస్తుంది. కొన్ని కుటుంబాలకు ఇది ఇబ్బందే. అయినా ఎక్కువ భూమి, ఎక్కువ పశువులు ఉన్నవాళ్ళకే ఎక్కువ డబ్బు పోతోందన్న చర్చ వాళ్ళ దగ్గర గాలి మాటల మీద కాక అంకెల మీద నడవడానికి కారణం ఇదే.

2025లో వచ్చిన చట్టం మేత పథకాన్ని ఇంకా సులువు చేసింది. డి2లో వరుసగా 8 వారాలుండాలన్న చోట ఇప్పుడు 4 వారాలుంటే చాలు. ఎక్కువ కౌంటీలు, ఎక్కువ తరచుగా అర్హమవుతాయి. 'ఏ భాగమైనా' అన్న మాటను మాత్రం ముట్టుకోలేదు.

కౌంటీతో నిమిత్తం లేకుండా కరువును కొలవలేరా అంటే, కొలవగలరు. కొలుస్తున్నారు కూడా, అదే వ్యవసాయ శాఖ. బీళ్ళకూ గడ్డికీ ఉన్న బీమా పథకంలో దేశాన్ని దాదాపు 27 కిలోమీటర్ల గడులుగా విడదీశారు. వాతావరణ సంస్థ లెక్కల ప్రకారం మీ గడిలో వాన మామూలు కంటే ఇంత తగ్గిందంటే పరిహారం. అయితే దానికి ప్రీమియం ముందే కట్టాలి, అందులో ప్రభుత్వం వాటా పోను మిగతాది రైతు జేబులోంచే. ఏడాదిలో ఏ రెండేసి నెలల వాన మీద బీమా కావాలో కూడా ముందే ఎంచుకోవాలి. మే, జూన్ ఎంచుకుని జులై, ఆగస్టుల్లో ఎండిపోతే ఏమీ రాదు. మేత పథకానికి ప్రీమియం లేదు, ఎంపిక లేదు. గురువారం మ్యాపులో రంగు పడితే చాలు. కౌంటీ హద్దు మీద ఇంత అసంతృప్తి ఉన్నా దాన్ని మార్చమని గట్టిగా అడిగే రైతు సంఘాలు ఎక్కువ కనబడకపోవడానికి ఇదే కారణమని నా అనుమానం. ఈ ఏడాది గీతకు బయట పడినవాడు వచ్చే ఏడాది లోపల పడవచ్చు.